దుమ్ము గాలిలో ఇంజిన్: ఎయిర్ ఇన్‌టేక్, థ్రాటిల్ బాడీల శుభ్రత

7.1 ఉపోద్ఘాతం

రాయదుర్గం నుండి కణేకల్లు వైపు ఆషాఢ మాసంలో ఒక్కసారి ప్రయాణం చేసినవారికి ఈ పాఠం ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కరలేదు. హగరి అని మనం పిలుచుకునే వేదవతి నది ఏడాదిలో ఎక్కువ కాలం ఎండిపోయే ఉంటుంది. ఆ నది ఇసుకను నైరుతి గాలులు ఒడ్డు దాటించి కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల పొలాలలో మేటలు వేస్తాయి. దర్గా హొన్నూరు పరిసరాలలో ఆ ఇసుక దిబ్బలను చూసి, ఇది రాజస్థానమా అని ఆశ్చర్యపోయేవారున్నారు. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసివేస్తాయి. మన దాకా వచ్చేది ఎక్కువగా గాలే. ఉరవకొండ వైపు గాలిమరలను తిప్పేది ఆ గాలే, మన వాహనాల ఇంజిన్లలోకి దుమ్మును మోసుకుపోయేదీ ఆ గాలే.

ఇంజిన్ లోపలికి గాలి వెళ్ళే దారిని ఎయిర్ ఇన్‌టేక్ అంటారు. ముందుభాగంలోని గాలి గొట్టం, ఫిల్టర్ పెట్టె, అందులోని ఎయిర్ ఫిల్టర్, దాని తరువాతి రబ్బరు గొట్టం, ఆ గొట్టం చివర ఉండే థ్రాటిల్ బాడీ ఈ దారిలోని ముఖ్య భాగాలు. ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ దారిలో మురికి ఎక్కడ చేరుతుందో, ఎందుకు చేరుతుందో వివరించగలగాలి. ఫిల్టర్‌ను ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు ముట్టకూడదో నిర్ణయించగలగాలి. థ్రాటిల్ బాడీని దెబ్బతీయకుండా శుభ్రం చేసే పద్ధతి తెలుసుకోవాలి.

ఒక విషయం ముందే గుర్తుపెట్టుకోండి. ఫిల్టర్ మీద చేరే మురికి బయటి నుండి వచ్చినది. థ్రాటిల్ బాడీలో పేరుకునే మురికిలో అధికభాగం ఇంజిన్ లోపలి నుండి వచ్చినది. ఈ రెండింటినీ ఒకే మురికి అనుకోవడం వల్లనే చాలా పొరపాట్లు జరుగుతాయి.

మీలో చాలామందికి కారు ఉండకపోవచ్చు. మోటారు సైకిలుకైనా, ట్రాక్టరుకైనా మూలసూత్రం మాత్రం ఒకటే. ట్రాక్టరు ఉన్న ఇళ్ళవారికి ఇందులో సగం ముందే తెలిసి ఉంటుంది. బానెట్ పైన గొట్టం చివర దుమ్ము చేరే గిన్నె, దాని కింద నూనె పోసి ఉంచే ఆయిల్ బాత్ ఫిల్టర్, దుక్కి రోజుల్లో ఆ నూనె ఎంత త్వరగా బురదగా మారుతుందో మీరు చూసే ఉంటారు. కారులో ఆ పనిని ఒక మడతల కాగితం చేస్తుంది. తేడా అంతే.

7.2 ఇంజిన్ పీల్చే గాలి ఎంత?

కారు నడిచేది పెట్రోలుతో అని మనం అనుకుంటాం. బరువు లెక్కన చూస్తే ఇంజిన్ తీసుకునే పదార్థంలో పెట్రోలు పాలు చాలా తక్కువ. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఒక లీటరు పెట్రోలు బరువు దాదాపు 740 గ్రాములు. అంటే ఒక లీటరుకు దాదాపు 10.9 కిలోల గాలి అవసరం అవుతుంది.

ఇప్పుడు ఈ బరువును ఘనపరిమాణంగా మార్చి చూడండి. రాయదుర్గం సముద్రమట్టానికి సుమారు అర కిలోమీటరు ఎత్తున ఉంది. ఎండ కూడా ఎక్కువే. ఎత్తు పెరిగినా, వేడి పెరిగినా గాలి పలచబడుతుంది. పగటి వేళ ఇక్కడ ఒక ఘనమీటరు గాలి బరువు సుమారు 1.1 కిలో అనుకోవచ్చు. ఆ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు ఇంచుమించు 10 ఘనమీటర్ల గాలి, అనగా 10,000 లీటర్ల గాలి కావాలి. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న చిన్న గదిలో పట్టేంత గాలి ఇది.

లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చే కారు 10,000 కిలోమీటర్లు తిరిగితే 625 లీటర్ల పెట్రోలు తాగి, 6,250 ఘనమీటర్ల గాలిని పీల్చుకుంటుంది. ఆ గాలిలో ఎంత దుమ్ము ఉంటుంది అనేదే అసలు ప్రశ్న.

మన దేశపు 2009 నాటి గాలి నాణ్యతా ప్రమాణాల ప్రకారం 10 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు 24 గంటల సగటున ఘనమీటరుకు 100 మైక్రోగ్రాములు, అంటే 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. మన కారు ఈ పరిమితికి సరిగ్గా సమానమైన గాలిలోనే తిరిగిందనుకుందాం. 6,250 ఘనమీటర్ల గాలితో వచ్చే దుమ్ము 0.6 గ్రాముల చిల్లర. చిటికెడు ఉప్పంత.

ఇక రెండో సందర్భం చూడండి. ముందు వెళ్ళే వాహనం కనపడనంతగా దుమ్ము లేచిన మట్టిరోడ్డు. ఫిల్టర్లు తయారుచేసే ఇంజినీర్లు అటువంటి స్థితికి ఘనమీటరుకు సుమారు 0.9 గ్రాముల దుమ్ము అని లెక్క వేసుకుంటారు. ఆ దుమ్ములో ఒక గంటసేపు మెల్లగా నడిపి రెండు లీటర్ల పెట్రోలు ఖర్చు చేశామనుకోండి. 20 ఘనమీటర్ల గాలితో 18 గ్రాముల దుమ్ము ఫిల్టర్ దాకా చేరుతుంది.

మంచి గాలిలో 10,000 కిలోమీటర్లకు 0.6 గ్రాములు, కన్నుపొడుచుకున్నా కానరాని దుమ్ములో ఒక్క గంటకు 18 గ్రాములు. దాదాపు ముప్పై రెట్లు. వాస్తవంలో మన దారులు ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఉంటాయి. అయినా ఈ లెక్క ఒక సంగతి స్పష్టం చేస్తుంది. ఫిల్టర్ ఆయుష్షును కిలోమీటర్లతో కొలిచే పద్ధతి తారురోడ్ల మీద తిరిగేవారి కోసం ఏర్పడినది. మీ కారుతో ఇచ్చే పుస్తకంలో ‘కఠిన పరిస్థితులు’ లేదా ‘దుమ్ము ప్రాంతాలు’ అని ఒక వేరే పట్టిక సాధారణంగా ఉంటుంది. మన ప్రాంతం వారికి వర్తించేది ఆ పట్టికే. చాలామంది ఆ పేజీ తిప్పరు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లోని వాహనం లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో తెలుసుకొని, అది గత ఏడాదిలో పీల్చిన గాలి ఎన్ని ఘనమీటర్లో లెక్కకట్టండి.

7.3 దుమ్ము ఇంజిన్‌ను ఎలా అరగదీస్తుంది?

మన నేలకు ఆధారం పాత గ్రానైట్, నైస్ శిలలు. అవి శిథిలమై ఏర్పడిన మట్టిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ రేణువులు పుష్కలంగా ఉంటాయి. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోహ్స్ సూచికలో క్వార్ట్జ్ విలువ 7, ఫెల్డ్‌స్పార్ విలువ 6. డి.హీరేహాళ్ మండలం వైపు దొరికే ఇనుప ఖనిజం హెమటైట్ విలువ కూడా 6కు అటూ ఇటూగా ఉంటుంది. సిలిండర్ గోడకు వాడే పోత ఇనుము వీటన్నిటికంటే మెత్తనిది. అంటే మన రోడ్డు మీది దుమ్ము, మన ఇంజిన్‌ను గీరగలిగినంత గట్టిది.

పిస్టన్ రింగులకు, సిలిండర్ గోడకు నడుమ ఉండే ఆయిల్ పొర మందం కొద్ది మైక్రాన్లు మాత్రమే. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అని గుర్తుంచుకుంటే ఆ పొర ఎంత పలుచనిదో ఊహించవచ్చు. ఆయిల్ పొర కంటే బాగా చిన్న రేణువు అందులో తేలిపోతుంది. పెద్ద ఇసుక రేణువును ఫిల్టర్ ఎలాగూ ఆపుతుంది. ప్రమాదమంతా 5 నుండి 20 మైక్రాన్ల మధ్య కణాలతోనే. అవి ఆయిల్ పొరలో ఇరుక్కొని రెండు లోహాలనూ ఒకేసారి గీరుతాయి. మిగిలినవి ఆయిల్‌లో కలిసి బేరింగుల దాకా పోతాయి. పిండిమర రాళ్ళ మధ్య గింజ నలిగినట్లు ఇక్కడ గింజ నలగదు, రాళ్ళే అరుగుతాయి.

రింగులు అరిగిన కొద్దీ ఆయిల్ పైకి ఎక్కి మండుతుంది. పొగగొట్టం నుండి నీలి పొగ వస్తుంది. ఇంజిన్ ఆయిల్ తినడం మొదలుపెడుతుంది. చివరకు మెకానిక్ నోట మనం వినే మాట: ‘ఇంజిన్ బోరుకు వచ్చింది.’ 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం పేలినప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో బూడిద కమ్మిన రోడ్లపై తిరిగిన పోలీసు కార్ల ఇంజిన్లు ఈ రకంగానే పాడయ్యాయి. బూడిద అన్నమాటే గానీ అది నలిగిన రాయి, గాజు.

వాడిన ఇంజిన్ ఆయిల్‌ను ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు సిలికాన్, ఇనుము రెండూ కలిసి పెరిగితే గాలి దారిన దుమ్ము లోపలికి వస్తున్నదని అనుమానిస్తారు. సిలికాన్ ఇసుకకు గుర్తు, ఇనుము అరుగుదలకు గుర్తు. పెద్ద లారీల యజమానులు, గనుల యంత్రాలవారు ఈ పరీక్ష చేయించుకుంటారు. కారు యజమానికి అంత అవసరం ఉండదు. దానికి బదులు ఒక తెల్లగుడ్డ చాలు. దాని సంగతి 7.5లో చూద్దాం.

7.4 మురికి ఫిల్టర్, చెడిపోయిన ఫిల్టర్

ఈ రెండూ ఒకటి కావు. ఈ పాఠంలో చాలామంది విద్యార్థులు తడబడేది ఇక్కడే.

ఎయిర్ ఫిల్టర్ అంటే జల్లెడ అని అనుకుంటాం. జల్లెడ అయితే దాని రంధ్రాల కంటే చిన్న కణాలన్నీ దాటిపోవాలి. ఫిల్టర్ కాగితం పీచుల అల్లిక. గాలి ఆ పీచుల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. దుమ్ము కణం బరువు వల్ల అంత చురుకుగా మలుపు తిరగలేక పీచుకు తగిలి అతుక్కుంటుంది. అలా అతుక్కున్న దుమ్ము మీద మరింత దుమ్ము చేరి పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొర తానే ఒక ఫిల్టర్‌గా పనిచేస్తుంది. కొత్త కాగితం కంటే కాస్త మురికి పట్టిన కాగితమే సన్నని దుమ్మును బాగా ఆపుతుంది. కాబట్టి ఫిల్టర్ ఎర్రబడిందని కంగారుపడి వారం వారం తీసి దులపడం ఇంజిన్‌కు మేలు చేయదు. దులిపిన ప్రతిసారీ ఆ రక్షణ పొర పోతుంది. తీసి పెట్టిన ప్రతిసారీ పెట్టెలో దుమ్ము లోపలి వైపు రాలే అవకాశం కలుగుతుంది.

మరి ఫిల్టర్ పూర్తిగా మూసుకుపోతే? మైలేజీ పడిపోతుందని మనందరి నమ్మకం. కార్బురేటర్ రోజుల్లో అది నిజమే. గాలి తగ్గినా పెట్రోలు అదే మోతాదులో పడేది. మన దేశంలో 2000 ఏప్రిల్ నుండి కాలుష్య నిబంధనలు బిగిసిన తరువాత కొత్త పెట్రోలు కార్లలో కార్బురేటర్ స్థానాన్ని ఇంజెక్షన్ పద్ధతి ఆక్రమించింది. ఇందులో కంప్యూటర్ వచ్చిన గాలిని కొలిచి దానికి సరిపడా పెట్రోలే పోస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షలలో, ఫిల్టర్ మూసుకుపోయిన ఇంజెక్షన్ కార్లలో మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదు, పికప్ మాత్రం తగ్గింది. పాత కార్బురేటర్ కారులో మైలేజీ కూడా కొంత తగ్గింది. కనుక మీ కారు ఎక్కుడులో నీరసిస్తున్నదంటే, ఓవర్‌టేక్ చేయబోతే ఊపిరి చాలనట్లు ఉన్నదంటే ఫిల్టర్‌ను అనుమానించండి. అటువంటి ఫిల్టర్‌ను మార్చాలి. అయినా మూసుకుపోయిన ఫిల్టర్ బలాన్ని తగ్గిస్తుందే తప్ప ఇంజిన్‌ను అరగదీయదు.

అరగదీసేది చిరిగిన ఫిల్టర్, సరిగా కూర్చోని ఫిల్టర్. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పని మీద అనంతపురం నుండి రాయదుర్గానికి తరచూ కారులో వచ్చేవాణ్ణి. దారిలో ఒక షెడ్డులో ఎయిర్ పట్టించుకుంటూ, చేతిలో గొట్టం ఉంది కదా అని ఫిల్టర్ కూడా ఊదించుకునేవాణ్ణి. లారీ టైర్లకు వాడే కంప్రెసర్ ఒత్తిడి అది. దుమ్ము భళ్ళున లేస్తుంటే చూడముచ్చటగా ఉండేది. ఏడాది తిరగకముందే కారు వెయ్యి కిలోమీటర్లకు లీటరు చొప్పున ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. ఫిల్టర్‌ను ఎండకు ఎత్తిపట్టి చూస్తే మడతల లోతున సూదిమొనలంత రంధ్రాలు, నక్షత్రాల్లా మెరుస్తూ కనిపించాయి. ఊదినవాడి తప్పు కాదు, ఊదమన్నది నేనే. భౌతికశాస్త్రం బోధించేవాడిని ఒత్తిడి అంటే ఏమిటో ఒక కాగితం నాకు బోధించింది. ఇంజిన్ విప్పించడానికి అయిన ఖర్చుతో ఎన్ని కొత్త ఫిల్టర్లు వచ్చేవో లెక్క వేసుకోవడం మానేశాను.

ఫిల్టర్‌ను మార్చడం ఉత్తమం. చిన్న కార్ల ఫిల్టర్ ధర నాలుగైదు లీటర్ల పెట్రోలు ధరకు అటూ ఇటూగా ఉంటుంది. దారి మధ్యలో శుభ్రం చేయక తప్పనప్పుడు మురికి వైపు కిందికి ఉండేలా పట్టుకొని, అంచును అరచేతికి మెల్లగా తట్టండి. గాలి వాడవలసి వస్తే తక్కువ ఒత్తిడితో, గొట్టాన్ని దూరంగా ఉంచి, శుభ్రమైన వైపు నుండి మురికి వైపుకు ఊదండి. కాగితపు ఫిల్టర్‌ను నీటితో కడగరాదు, నూనె పూయరాదు. కొన్ని మోటారు సైకిళ్ళలో ఉండే స్పాంజి ఫిల్టర్ సంగతి వేరు. దానిని కడిగి, ఆరబెట్టి, తగిన నూనె పట్టించి, పిండి వాడాలి. ఒకదాని వైద్యం మరొకదానికి చేయకండి.

మరొక పొరపాటు కూడా తరచుగా చూస్తుంటాను. ‘అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేసుకున్నాం, దుమ్ము రాదు’ అంటారు. ఏసీ గాలిని వడకట్టేది క్యాబిన్ ఫిల్టర్. అది మీ ఊపిరితిత్తుల కోసం. ఇంజిన్ ఊపిరితో దానికి సంబంధం లేదు. అద్దాలు ఎత్తినా దించినా ఇంజిన్ బయటి దుమ్మునే పీలుస్తుంది. ఇంజిన్‌ను కాపాడాలంటే ముందు వెళ్ళే లారీకి దూరంగా ఉండండి. దుమ్ము మేఘం చెదిరేదాకా రెండు నిమిషాలు పక్కన ఆగినా నష్టం లేదు.

7.5 తెల్లగుడ్డ పరీక్ష

ఫిల్టర్ 99 శాతం దుమ్మును ఆపుతుందనుకుందాం. పైన చెప్పిన 18 గ్రాములలో 0.18 గ్రాము దాటిపోతుంది. ఇప్పుడు పెట్టె మూత సరిగా పడక 2 శాతం గాలి పక్కసందు నుండి, ఫిల్టర్ గుండా పోకుండానే వెళ్ళిందనుకోండి. ఆ గాలితో 0.36 గ్రాము నేరుగా లోపలికి పోతుంది. లోపలికి చేరే మొత్తం దుమ్ము దాదాపు మూడింతలు అవుతుంది. ఫిల్టర్ ఎంత ఖరీదైనదైనా సరే, ఒక క్లిప్పు వదులైతే దాని విలువ అంతే.

అందుచేత పెట్టె తెరిచే ముందు దాని బయటి దుమ్మును తడిగుడ్డతో తుడవండి. మూత క్లిప్పులు తీసి ఫిల్టర్‌ను కుదపకుండా పైకి ఎత్తండి. ఇప్పుడు శుభ్రమైన తెల్లగుడ్డను వేలికి చుట్టి, ఫిల్టర్ దాటిన తరువాతి వైపు, అంటే ఇంజిన్ వైపు పెట్టె గోడను, రబ్బరు గొట్టం లోపలి భాగాన్ని తుడవండి. గుడ్డ తెల్లగానే ఉన్నా, కాస్త నూనె జిడ్డు మాత్రమే అంటినా పర్వాలేదు. ఎర్రటి పొడి, గరగరలాడే ఇసుక అంటితే దుమ్ము ఎక్కడో దారి చేసుకున్నదని అర్థం. ఫిల్టర్ అంచు రబ్బరును గమనించండి. దుమ్ము దాటిన చోట అంచు మీద సన్నని ఎర్రగీత ఉంటుంది. రబ్బరు గొట్టం మడతలలో పగుళ్ళు ఉన్నాయేమో వేళ్ళతో సాగదీసి చూడండి. మన ఎండలకు రబ్బరు త్వరగా పెళుసెక్కుతుంది. గొట్టం బిగించే క్లాంపును కూడా పరిశీలించండి.

పెట్టె అడుగున చేరిన మట్టిని గుడ్డతో తీసేటప్పుడు ఇంజిన్ వైపు గొట్టం మూతికి గుడ్డ అడ్డం పెట్టండి. పని అయిన తరువాత ఆ గుడ్డను తీయడం మరచిపోకండి. నవ్వులాటకు చెప్పడం లేదు. మరచిపోయినవారు ఉన్నారు.

7.6 థ్రాటిల్ బాడీ: ఆ నలుపు ఎక్కడిది?

మీరు యాక్సిలరేటర్ తొక్కినప్పుడు నేరుగా పెరిగేది పెట్రోలు కాదు, గాలి. థ్రాటిల్ బాడీ అనే గొట్టం లోపల నాణెంలా గుండ్రంగా ఉండే పలుచని పలక ఒక ఇరుసు మీద తిరుగుతుంది. తొక్కితే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. పాత కార్లలో దీనిని కేబుల్ తిప్పేది. ఇప్పటి కార్లలో చిన్న మోటారు తిప్పుతుంది. డీజిల్ ఇంజిన్ల పద్ధతి వేరు. అక్కడ పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ మసి పెద్ద సమస్య. ఇక్కడ మనం పెట్రోలు కారుకే పరిమితమవుదాం.

బండి నిలబడి ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు పలక దాదాపు మూసుకొనే ఉంటుంది. ఒక చిన్న కారు ఐడ్లింగ్‌లో గంటకు 0.7 లీటరు పెట్రోలు తాగుతుందనుకుంటే, సెకనుకు రెండు లీటర్ల లోపు గాలి చాలు. 45 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టంలో ఆ గాలి అంతా పలక అంచు చుట్టూ ఉన్న సందు నుండే పోవాలంటే, ఆ సందు వెడల్పు మిల్లీమీటరులో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటే సరిపోతుంది. ఇంచుమించు వెంట్రుక మందం. అక్కడ పలుచని జిడ్డు పొర చేరినా గాలి దారి సగం మూసుకుపోతుందని గ్రహించండి. వేగంగా వెళ్ళేటప్పుడు పలక బాగా తెరుచుకుంటుంది కాబట్టి ఆ పొర ప్రభావం తెలియదు. అందుకే థ్రాటిల్ మురికి లక్షణాలు సిగ్నల్ దగ్గర, గేటు దగ్గర, ఏసీ వేసినప్పుడు బయటపడతాయి. ఐడ్లింగ్ ఎగుడుదిగుడు అవుతుంది, కాలు తీయగానే ఇంజిన్ ఆగిపోతుంది, కొద్దిగా తొక్కితే బండి ఒక్కసారి ఉలిక్కిపడుతుంది.

ఈ జిడ్డు రోడ్డు దుమ్ము కాదు. సిలిండర్లో మండిన వాయువులలో కొంత భాగం రింగుల పక్కనుండి కిందికి, ఆయిల్ ఉండే గదిలోకి జారుతుంది. ఆ వాయువులను బయటికి వదిలితే కాలుష్యం. అందుచేత వాటిని ఒక గొట్టం ద్వారా తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపి మళ్ళీ మండిస్తారు. వాటితోపాటు ఆయిల్ ఆవిరి కూడా వస్తుంది. అది చల్లబడి థ్రాటిల్ పలక అంచున పేరుకుని, వేడికి నల్లటి లక్కలా గట్టిపడుతుంది. ఫిల్టర్ దాటిన కొద్దిపాటి సన్నని దుమ్ము ఆ జిడ్డుకు అతుక్కుంటుంది.

ఇప్పుడు 7.3ను, దీనిని కలిపి ఆలోచించండి. ఫిల్టర్ సరిగా లేక దుమ్ము లోపలికి పోతే రింగులు అరుగుతాయి. రింగులు అరిగితే కిందికి జారే వాయువులు ఎక్కువవుతాయి. వాటితో ఆయిల్ ఆవిరి ఎక్కువవుతుంది. థ్రాటిల్ త్వరత్వరగా నల్లబడుతుంది. అంటే శుభ్రం చేసిన కొద్ది నెలలకే థ్రాటిల్ మళ్ళీ జిడ్డుగా మారుతున్నదంటే, మరొక్కసారి శుభ్రం చేయడం దానికి మందు కాదు. పెట్టె విప్పి తెల్లగుడ్డ పరీక్ష చేయండి. ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ ఆవిరి మళ్ళించే పీసీవీ వాల్వు ఇరుక్కుపోయిందేమో చూపించండి. ప్రతి సర్వీసులోనూ ‘థ్రాటిల్ క్లీనింగ్’ అని బిల్లులో ఒక పంక్తి చేర్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ఐడ్లింగ్ బాగున్న కారుకు ఆ పంక్తి అనవసరం అని నా అభిప్రాయం.

7.7 శుభ్రం చేసే పద్ధతి

ఇంజిన్ చల్లారిన తరువాత, తాళం చెవి తీసివేసి, గాలి ఆడే చోట, బీడీ సిగరెట్లకు దూరంగా ఈ పని చేయాలి. బ్యాటరీ మైనస్ తీగ విప్పడం మంచిది. అయితే దానివల్ల కంప్యూటర్ నేర్చుకున్న కొన్ని అమరికలు చెరిగిపోవచ్చు. కారు పుస్తకం ఏమంటున్నదో ముందే చూసుకోండి.

రబ్బరు గొట్టం క్లాంపు వదులు చేసి థ్రాటిల్ బాడీ నుండి లాగండి. టార్చిలైటు వేసి చూస్తే పలక అంచు చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. థ్రాటిల్ బాడీ క్లీనర్ అని డబ్బాపై స్పష్టంగా రాసి ఉన్న స్ప్రేనే వాడండి. కార్బురేటర్ క్లీనర్లలో కొన్ని ఘాటైనవి. కొన్ని థ్రాటిల్ బాడీల లోపల తయారీదారు వేసిన సన్నని పూతను అవి కరిగించివేస్తాయి. పెట్రోలుతో కడగడం నిప్పుతో చెలగాటం. స్ప్రేను నేరుగా గొట్టంలోకి కుమ్మరించకుండా, నూలు రాలని గుడ్డ మీద చల్లి ఆ గుడ్డతో పలక ముందు భాగాన్ని, అంచును, గొట్టం గోడను తుడవండి. ఎక్కువ ద్రవం ఇరుసు వెంట జారి పక్కనున్న మోటారులోకి, సెన్సార్‌లోకి చేరితే కొత్త సమస్య మొదలవుతుంది. ఉప్పుకాగితం, స్క్రూడ్రైవరు దగ్గరకు రానీయకండి. అంచు మీద పడిన ఒక్క గీత ఆ వెంట్రుకవాసి సందును శాశ్వతంగా మార్చివేస్తుంది.

కేబుల్ రకంలో పలకను చేత్తో తెరిచి వెనుకవైపు తుడవవచ్చు. మోటారు రకంలో పలకను బలవంతంగా నెట్టకూడదు, లోపలి ప్లాస్టిక్ పళ్ళు విరగవచ్చు. తాళం వేసి ఉండగా అసలే వేలు పెట్టకూడదు. మోటారు ఒక్కసారి పలకను మూస్తే వేలు నలుగుతుంది. మోటారు రకాన్ని లోపలి దాకా శుభ్రం చేయాలంటే బాడీని విప్పి, తిరిగి బిగించేటప్పుడు గాస్కెట్ మార్చాలి. ఆ పని అనుభవం ఉన్న మెకానిక్‌కు వదిలిపెట్టండి.

కొన్ని కార్లలో ఫిల్టర్ పెట్టె దాటగానే గాలి బరువును కొలిచే సెన్సార్ ఉంటుంది. దాని లోపల వెంట్రుక కంటే సన్నని తీగ లేదా పలుచని పొర ఉంటుంది. థ్రాటిల్ క్లీనర్ దానిపై పడరాదు, గుడ్డ తగలరాదు. దానికి వేరే స్ప్రే ఉంటుంది.

అన్నీ బిగించి స్టార్ట్ చేసినప్పుడు మొదట కాస్త తడబడవచ్చు, కొద్దిగా తెల్లటి పొగ రావచ్చు. మిగిలిన ద్రవం మండుతున్నదని దాని అర్థం. ఐడ్లింగ్ మునుపటి కంటే ఎక్కువగా ఉండటం చూసి చాలామంది బెదిరిపోతారు. ఇన్నాళ్ళూ జిడ్డు సందును మూస్తుంటే కంప్యూటర్ పలకను కాస్త కాస్త ఎక్కువ తెరవడం అలవాటు చేసుకుంది. ఇప్పుడు జిడ్డు పోయింది, అలవాటు మిగిలింది. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, ఏసీ ఒకసారి వేసి తీసి, తరువాత కొన్ని కిలోమీటర్లు నడిపితే చాలా కార్లు వాటంతట అవే సర్దుకుంటాయి. కొన్నింటికి మాత్రం స్కానర్ పెట్టి కొత్త అమరిక నేర్పించవలసి ఉంటుంది. రెండు రోజులైనా ఐడ్లింగ్ దిగకపోతే ముందుగా మీరు తీసి పెట్టిన రబ్బరు గొట్టాలన్నీ తిరిగి సరిగా కూర్చున్నాయో లేదో చూడండి. చిన్న గొట్టం ఒకటి తగిలించడం మరచిపోతే, ఐడ్లింగ్ పెరగడమే కాదు, ఫిల్టర్ చూడని దుమ్ము గాలికి ఆ రంధ్రమే తిన్నని దారి అవుతుంది.

అభ్యాసం: మీ ఇంటి వాహనానికో, తెలిసినవారి వాహనానికో వారి అనుమతితో తెల్లగుడ్డ పరీక్ష చేయండి. గుడ్డకు అంటినదాని రంగు, ఫిల్టర్ అంచు స్థితి, గొట్టం పగుళ్ళు, వాహనం గత నెలలో మట్టిరోడ్డు మీద గడిపిన గంటలు ఒక పేజీలో రాయండి. గుడ్డను కూడా ఆ పేజీకి పిన్ను చేసి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.